రిసార్ట్‌కీ, లిఫ్ట్ లేని కొండకీ ఒకే జత స్కీలు: మూడు సీజన్ల తర్వాత

"అక్కా, రెండు పడవల మీద కాళ్లు పెట్టకు. రిసార్ట్‌కి ఒక జత, ఎక్కడానికి ఒక జత తీసుకో" అని మా తమ్ముడు మొదటి నుంచీ చెబుతూనే ఉన్నాడు. నేను వినలేదు. మూడు సీజన్లుగా ఒకే జతతో రెండు పనులూ చేస్తున్నాను. సుమారు 70 రోజులు స్కీ రిసార్ట్‌లో, మనల్ని కొండపైకి మోసుకెళ్లే లిఫ్ట్‌ల దగ్గర, 35 రోజులు బ్యాక్‌కంట్రీలో, అంటే లిఫ్ట్ లేని కొండలు సొంత కాళ్లతో ఎక్కి దిగుతూ. కొనాలా వద్దా అని తేల్చుకోలేకపోతున్న వాళ్లకి పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు కొలతలు. పొడవు 172 సెంటీమీటర్లు, పాదం కింద వెడల్పు 98 మిల్లీమీటర్లు, ఒక్కో స్కీ 1,560 గ్రాములు. నా బరువు 62 కిలోలు. లోపల తేలికైన పాలోనియా కర్ర, దాని పక్కన కాస్త గట్టి కర్ర పట్టీలు, పాదం కింద మాత్రం ఒక టైటానల్ రేకు. టైటానల్ అంటే ఒక రకం అల్యూమినియం మిశ్రమ లోహం. ఆ రేకు స్కీ పొడవునా ఉంటే గట్టి మంచు మీద హాయిగా ఉంటుంది గానీ, ఎక్కేటప్పుడు ప్రాణం తీస్తుంది. పాదం కింద ముక్క చాలు: బైండింగ్ (బూటుని స్కీకి పట్టి ఉంచే బిగింపు) స్క్రూలకీ, స్కీ అంచుకీ పట్టు దొరుకుతుంది.

ముందు భాగంలో రాకర్ (మంచు నుంచి పైకి లేచే వంపు), మధ్యలో క్యాంబర్ (విల్లులా పాదం కింద ఎత్తుగా ఉండే వంపు), వెనక కొస దాదాపు చదును. ఈ వెనక కొస గురించి కొనేటప్పుడు ఎవరూ అడగరు, అడగాలి. వెనక కూడా బాగా పైకి లేచిన స్కీల మీద స్కిన్ (ఎక్కేటప్పుడు వెనక్కి జారకుండా స్కీ అడుగున అంటించే నూగు పట్టీ) క్లిప్ సరిగ్గా నిలవదు, సగం దారిలో జారిపోతుంది. దీనికి కొసన చిన్న గాడి ఉంది, క్లిప్ అందులో కూర్చుంటుంది. మూడు సీజన్లలో ఒక్కసారి కూడా ఊడలేదు.

రిసార్ట్‌లో పొద్దున్నే చదును చేసిన వాలు మీద ఇవి బాగా తిరుగుతాయి. వేగం బాగా పెరిగితే ముందు కొసలు అదరడం మొదలవుతుంది, అప్పుడు నేనే తగ్గిస్తాను. మధ్యాహ్నానికి మంచు గుట్టలు గుట్టలుగా అయిపోయాక బరువైన రిసార్ట్ స్కీలంత నిబ్బరంగా ఉండవు, మోకాళ్లతో సర్దుకోవాలి. కానీ భయపెట్టవు. లిఫ్ట్‌ల దగ్గర నేను వీటి నుంచి ఇంతకంటే ఆశించలేదు.

వీటి మీద నా అభిప్రాయం గట్టిపడింది రెండో సీజన్‌లో ఒక రోజున. ముందు రోజు ఎండ కాసింది, రాత్రి చలికి పైమంచు పెంకు కట్టింది. మనిషి కదలకుండా నిలబడితే ఆ పెంకు ఆగుతుంది, మలుపులో బరువు వేస్తే పగులుతుంది. స్కీ చేయడానికి అంతకంటే చెడ్డ మంచు నేను చూడలేదు. తమ్ముడివి 1,200 గ్రాముల స్కీలు, 300 గ్రాముల పిన్ బైండింగ్‌లు. నాకంటే ఇరవై నిమిషాల ముందే పైకి చేరి, నీళ్లు తాగి, జాకెట్ వేసుకుని కూర్చున్నాడు. దిగడం మొదలయ్యాక మూడో మలుపులోనే అతని స్కీ కొస పెంకు కిందకి దూరి ఇరుక్కుంది, ముందుకి పడ్డాడు. కాసేపటికి మళ్లీ పడ్డాడు. నాకంటే బాగా స్కీ చేసే మనిషి.

నా స్కీలు ఆ పెంకుని పగలగొట్టుకుంటూ వెళ్లాయి. ఆ చప్పుడు ఇంకా గుర్తుంది, పలకలు వరసగా విరుగుతున్నట్టు. రెండు కాళ్ల మీదా సమంగా బరువు వేసి, మలుపులు పెద్దవిగా తీసుకుని, ఆగకుండా కిందకి వచ్చాను. తమ్ముడు వచ్చాక నా స్కీ ఒకటి చేతిలోకి తీసుకుని బరువు చూశాడు. "ఇదా అక్కా సంగతి" అన్నాడు.

ఆ బరువుకి మూల్యం ఎక్కేటప్పుడు చెల్లించాలి. నా బైండింగ్ 880 గ్రాములు. స్కీతో కలిపి ఒక్కో కాలికి 2,440. తమ్ముడికి 1,500. అంటే ప్రతి అడుగులో 940 గ్రాములు ఎక్కువ లాగుతున్నాను. 600 మీటర్ల ఎత్తు ఎక్కే రోజు పెద్దగా పట్టించుకోను. వెయ్యి దాటితే తొడలకి బాగా తెలుస్తుంది. నిటారు వాలు మీద కిక్ టర్న్ (నిలబడ్డ చోటే ఒక్కో స్కీ ఎత్తి దిశ మార్చుకోవడం) చేసేటప్పుడు ఇంకా ఎక్కువ, స్కీ వెనక భాగం కిందకి లాగుతున్నట్టే ఉంటుంది.

నిజానికి ఆలోచించాల్సింది స్కీ గురించి కంటే బైండింగ్ గురించి. 1980ల్లో ఆస్ట్రియాకి చెందిన ఫ్రిట్జ్ బార్తెల్ కనిపెట్టిన పిన్ పద్ధతిలో, బూటు ముందున్న రెండు చిన్న గుంటల్లో రెండు పిన్‌లు పడతాయి, మడమ స్వేచ్ఛగా లేస్తుంది. అంత తేలికైనది ఇంకోటి లేదు. కానీ రిసార్ట్‌లో గట్టి మంచు మీద రోజంతా దెబ్బలు తినడానికి దాన్ని నేను నమ్మను. నాది హైబ్రిడ్ రకం: ఎక్కేటప్పుడు పిన్‌లు, దిగేటప్పుడు మామూలు రిసార్ట్ బైండింగ్‌లా బూటుని ముందూ వెనకా పట్టుకుంటుంది. బూట్లకి ఆ పిన్ గుంటలు ఉన్నాయో లేదో ముందే చూసుకోండి. బరువు తక్కువున్న వాళ్లు ఇంకోటి కూడా చూడాలి. ఇలాంటి కొన్ని మోడళ్లలో విడుదల అంకె (పడినప్పుడు ఎంత బలానికి బూటు ఊడాలో చెప్పే అంకె) 6 దగ్గరే మొదలవుతుంది. మీకు అంతకంటే తక్కువ కావాల్సి వస్తే ఆ మోడల్ మీది కాదు.

దీనితో నాకు రెండు ఇబ్బందులు వచ్చాయి. ఒకటి, బూటు ముందు భాగం కింద ఉండే పలక ఎత్తు దానంతట అదే కొద్దిగా మారిపోతుంది. పలుచటి కాగితం ఒకటి బూటుకీ పలకకీ మధ్య పెట్టి లాగితే కాస్త బిగువుగా రావాలి. ఊరికే వచ్చేస్తే బూటు ఊగుతుంది, అసలు రాకపోతే పడినప్పుడు పక్కకి విడుదల కావడం కష్టం. ఇప్పుడు ప్రతి ట్రిప్పుకి ముందు జేబులో కాగితం పెట్టుకుని చూస్తాను. రెండోది, ఎక్కేటప్పుడు బైండింగ్ బ్రేక్ (స్కీ ఊడిపోతే మంచులో దిగి ఆపే కమ్మి) కింద మంచు గడ్డకట్టి, బ్రేక్ కిందకి జారి మంచులో గీసుకోవడం. చిన్న ప్లాస్టిక్ గోకుడు ముక్క వెంట ఉంటే అర నిమిషంలో వదులుతుంది. తెలియక మొదటిసారి పావుగంట కుస్తీ పట్టాను, చేతి తొడుగులు తీసి, గాలిలో. టెన్షన్ అంతా ఇంతా కాదు.

స్కిన్స్ మోహెయిర్, నైలాన్ కలిపినవి తీసుకున్నాను. మోహెయిర్ బాగా జారుతుంది, నైలాన్ ఎక్కువకాలం మన్నుతుంది. కత్తిరించేటప్పుడు రెండు వైపులా ఇనప అంచు బయటికి కనబడేలా వదలండి, అడ్డవాలులో పట్టు ఆ అంచుదే. దిగేటప్పుడు మడిచి జాకెట్ లోపల పెట్టుకుంటే జిగురు చలికి బిగుసుకుపోదు.

ఇంకో మాట, ఇది స్కీల గురించి కాదు. మంచు చరియలు (అవలాంచ్‌లు) ఎక్కువగా జారేది 30 నుంచి 45 డిగ్రీల వాలుల మీద, మనం దిగాలనుకునేవీ అవే. బీకన్ (మంచు కింద కూరుకుపోయిన మనిషిని వెతికే రేడియో పరికరం), ప్రోబ్ (మంచులో గుచ్చి చూసే పొడవాటి కర్ర), పార లేకుండా, వాటిని వాడటం సాధన చేయకుండా నేను లిఫ్ట్ దాటి వెళ్లను.

ఎవరికి వద్దంటే, సీజన్‌లో ఎక్కువ రోజులు ఎక్కడానికే వెళ్లేవాళ్లకి. వాళ్లు 1,200 గ్రాముల జతే తీసుకోవాలి. రిసార్ట్ దాటని వాళ్లకి ఈ బైండింగ్ దండగ. నాలా మూడింట రెండు వంతుల రోజులు లిఫ్ట్ మీద, మిగతావి కాళ్ల మీద గడిపేవాళ్లకి మాత్రం ఈ బరువూ వెడల్పూ సరిగ్గా సరిపోతాయి. పొడవు విషయంలో 172కీ 178కీ మధ్య ఊగిసలాడి చిన్నది తీసుకున్నాను. కిక్ టర్న్ చేసిన ప్రతిసారీ సరైన పనే చేశాననిపిస్తుంది.