నా 2002 కమారో ఎస్ఎస్: పాత ఓనరు ఏం మార్చాడో కనిపెట్టిన కథ, ఎనిమిదేళ్ల అనుభవం

షెవర్లే వాళ్ల స్పోర్ట్స్ కారు ఇది. 2016లో డల్లాస్ దగ్గర ఒక ప్రైవేటు పార్టీ నుంచి కొన్నాను. ఎల్ఎస్1 ఇంజన్, 5.7 లీటర్ల వీ8, ఆరు గేర్ల మాన్యువల్. కమారోలో ఆ తరానికి అదే ఆఖరి సంవత్సరం. అమ్మినాయన దగ్గర ఒక్క బిల్లు కూడా లేదు. "హెడ్స్, క్యామ్ మార్చారట, నాకు అమ్మినతను చెప్పాడు" అన్నాడు. హెడ్స్ అంటే సిలిండర్ల మీద వాల్వులుండే పై భాగాలు, క్యామ్ అంటే ఆ వాల్వులు ఎప్పుడు, ఎంత తెరుచుకోవాలో నడిపించే ఇరుసు. అంటే ఆ మాట కూడా సెకండ్ హ్యాండే.

సిగ్నల్ దగ్గర ఆగితే బండి మొత్తం ఊగేది. మొదటిసారి ఎక్కినప్పుడు మా ఆవిడ "ఏంటండీ, మిక్సీలో గులకరాళ్లు వేసినట్టుంది" అంది. నాకు ఆ చప్పుడే ఇష్టం. కానీ వెనక నుంచి పచ్చి పెట్రోలు వాసన, స్పీడు తగ్గించి ఆగబోతుంటే ఇంజన్ ఆగిపోవడం, ఇవి మాత్రం ఇష్టపడే విషయాలు కావు.

మొదటి ఆచూకీ బానెట్ ఎత్తకుండానే దొరికింది. హైవే మీద స్పీడోమీటర్ 72 మైళ్లు చూపిస్తుంటే ఫోన్ జీపీఎస్‌లో 60 ఉంది. మామూలుగా అయితే టైర్ల తేడా అనుకునేవాణ్ని, కానీ టైర్లు ఒరిజినల్ సైజే. 72ని 60తో భాగిస్తే 1.2. ఈ బండి మాన్యువల్ గేర్‌బాక్స్ మోడల్‌కి కంపెనీ ఇచ్చిన వెనక గేరు నిష్పత్తి 3.42, అంటే చక్రం ఒక్క చుట్టు తిరగడానికి ఇంజన్ బలాన్ని వెనక్కి మోసే డ్రైవ్ షాఫ్ట్ 3.42 చుట్లు తిరగాలి. దాన్ని 1.2తో గుణిస్తే 4.10, బయట మార్కెట్లో అందరూ కొనుక్కునే గేరు. వెనక చక్రాలు రెండూ పైకి లేపి, డ్రైవ్ షాఫ్ట్ మీద సుద్దతో గీత గీసి, చక్రాన్ని ఒక్క చుట్టు తిప్పాను. షాఫ్ట్ నాలుగు చుట్ల మీద కాస్త తిరిగింది. అనుమానం తీరింది.

దీంతో ఇంకో రెండు సంగతులు బయటపడ్డాయి. గేరు మార్చిన రోజు నుంచి ఓడోమీటర్ కూడా పది మైళ్లకి పన్నెండు రాసుకుంటోంది. నేను గాలన్‌కి 17 అనుకుని మురిసిపోతున్న మైలేజీ నిజానికి 14. రెండోది ముఖ్యం: గేరు మార్చినవాడు ఆ విషయం ఇంజన్ కంప్యూటర్‌కి చెప్పలేదు. అది చెప్పనివాడు క్యామ్ సంగతి మాత్రం చెప్పి ఉంటాడా?

పెట్రోలు వాసన గుట్టు అక్కడే ఉంది. పెద్ద క్యామ్ వేస్తే ఇంటేక్, ఎగ్జాస్ట్ వాల్వులు రెండూ ఒకేసారి తెరిచి ఉండే సమయం పెరుగుతుంది. ఐడిల్‌లో కాలని గాలి కొంత నేరుగా ఎగ్జాస్ట్‌లోకి పోతుంది. అక్కడున్న ఆక్సిజన్ సెన్సర్ దాన్ని చూసి పెట్రోలు తక్కువైందని అనుకుంటుంది, కంప్యూటర్ ఇంకాస్త పోస్తుంది. కారు కంప్యూటర్ అంకెలు ఫోన్‌లో చూపే చవక బ్లూటూత్ ఓబీడీ స్కానర్‌లో ఫ్యూయల్ ట్రిమ్ (కంప్యూటర్ పెట్రోలును ఎంత పెంచుతోందో, తగ్గిస్తోందో చెప్పే అంకె) ఐడిల్‌లో బాగా పైకి, హైవేలో మామూలుగా కనిపించడం ఇందుకే. ఇంజన్ గాలిని ఎంత బలంగా పీలుస్తోందో కొలిచే వ్యాక్యూమ్ గేజ్ పెడితే ఐడిల్‌లో 13 అంగుళాలు (పాదరసం లెక్కలో). క్యామ్ మార్చని ఇంజన్ అయితే 18 నుంచి 20 ఉండాలి.

క్యామ్ ఉందని తేలింది, ఎంతదో తేలాలి. దాని మీద నంబరు చదవాలంటే ముందు భాగం మొత్తం విప్పాలి. ఆ పని పెట్టుకోకుండా వాల్వ్ కవర్ తీసి, ఒకటో సిలిండర్ ఇంటేక్ రాకర్ (వాల్వును నొక్కే మీట) విప్పి, క్యామ్ కదలికను రాకర్ దాకా తెచ్చే పుష్‌రాడ్ చివర, సన్నని కదలికలు కొలిచే డయల్ గేజ్ పెట్టి, ఇంజన్‌ని చేత్తో తిప్పాను. పుష్‌రాడ్ 0.346 అంగుళం లేచింది. రాకర్ నిష్పత్తి 1.7 కాబట్టి వాల్వు లేచేది 0.588. నా బండితో వచ్చిన క్యామ్‌కి ఇది 0.47 దగ్గర ఉండాలి. ఆ అంకె చూడగానే టెన్షన్ పట్టుకుంది. పాత స్ప్రింగులే ఉంటే అంత లిఫ్ట్‌కి ఓర్చుకోవు, వాల్వు వెళ్లి పిస్టన్‌కి తగిలినా తగలొచ్చు. కవర్ తీసే ఉంది కదా అని టార్చి వేసి చూస్తే ఒకదానిలో ఒకటి దూర్చిన జోడు స్ప్రింగులు. అమ్మయ్య అనుకున్నాను.

హెడ్ల సంగతి మాత్రం ఒట్టి మాటే. మూలన పోతపోసిన అంకె 241, ఆ ఏడాది ఎల్ఎస్1కి వచ్చేదే. అంకె ఒరిజినలైనా లోపల అరగదీసి ఉండొచ్చు కదా అని హెడ్లకి గాలి పంచే ఇంటేక్ మానిఫోల్డ్ కూడా తీశాను, పది బోల్టులు. హెడ్లలో గాలి వెళ్లే దారులు, అంటే పోర్టులు, పోతపోసినప్పటి గరుకుతోనే ఉన్నాయి. ఆ మానిఫోల్డ్ ఎల్ఎస్6ది, అంటే ఎల్ఎస్1 కంటే బలమైన అన్న ఇంజన్‌ది. ఇదీ ఎవరో వేశారని మొదట్లో పొరబడ్డాను, 2001 నుంచి ఫ్యాక్టరీయే అలా ఇచ్చిందని తర్వాత తెలిసింది.

ఈ కొలతలన్నీ కాగితం మీద రాసి, ఇంజన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చే ట్యూనర్ చేతికిచ్చాను. అతను కంప్యూటర్‌లో గేరు నిష్పత్తి, ఐడిల్ గాలి, ఇంధనం పట్టికలు సరిచేశాడు. చక్రాల దగ్గర కొలిస్తే 371 హార్స్ పవర్ వచ్చింది. ఫ్యాక్టరీ చెప్పిన 325 ఇంజన్ దగ్గరి లెక్క, చక్రాల దాకా వచ్చేసరికి అందులో కొంత పోతుంది, అంటే అసలు తేడా పైకి కనిపించేదానికంటే ఎక్కువే. డయల్ గేజ్‌కి నలభై డాలర్లు, ట్యూన్‌కి ఆరువందలు. ఈ పని కొన్న నెలలోనే చేయించాల్సింది, రెండేళ్లు ఊగుతూ తిరిగాను.

ఇప్పుడు సిగ్నల్ దగ్గర ఊపు కొంచెం మిగిలే ఉంది, ఆగిపోవడం లేదు, వాసన బాగా తగ్గింది. పాత ఓనరు హెడ్డర్లు (ఇంజన్ నుంచి పొగ బయటికి తెచ్చే గొట్టాలు) మార్చినా, ఆ పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్లు పీకేయలేదు కాబట్టి టెక్సస్ ఎమిషన్స్ టెస్ట్ ఏటా గట్టెక్కింది. మళ్లీ కొంటావా అంటే కొంటాను, కాకపోతే బేరానికి వెళ్లేటప్పుడు జేబులో స్కానర్ ఉంటుంది, ఫోన్‌లో జీపీఎస్ ఆన్‌లో ఉంటుంది.

తెలియనిది ఇంకొకటి మిగిలింది. క్లచ్ పెడల్ చాలా బరువు, ఎడమకాలు నొప్పెట్టేంత. అదేం క్లచ్చో చూడాలంటే గేర్‌బాక్స్ దించాలి. జారడం మొదలుపెట్టిన రోజున దించుదామని ఊరుకున్నాను. ఎనిమిదేళ్లయింది, ఇంకా జారలేదు.