స్కిల్లెట్ కార్న్‌బ్రెడ్: ప్యాకెట్ మిక్సా, పిండి తెచ్చి కలుపుకోవడమా? ఏది మేలు?

అమెరికా దక్షిణాదిలో, అంటే టెన్నెసీ, జార్జియా, అలబామా వైపు, కార్న్‌బ్రెడ్, అంటే మొక్కజొన్న రొట్టె, మాటెత్తగానే మొదలయ్యే వాదన ఒకటే: పంచదార వేయాలా, వద్దా? అట్లాంటా, షార్లెట్, డాలస్ లాంటి ఊళ్లలో ఉన్న మనవాళ్లకు ఈ రొట్టె ఎక్కువగా ఆఫీసు పాట్‌లక్‌లోనో (తలా ఒక వంట తెచ్చి అందరూ కలిసి తినే విందు), బార్బెక్యూ హోటల్లోనో, థాంక్స్‌గివింగ్ భోజనంలోనో పరిచయమవుతుంది. అక్కడ దొరికేది చాలాసార్లు తియ్యగా, మెత్తగా, కేకుకు దగ్గరగా ఉంటుంది. బాగుంది కదా, ఇంట్లోనూ చేద్దాం అనుకుంటే తేల్చుకోవాల్సినవి చాలానే ఉన్నాయి. నా ఉద్దేశంలో పంచదార వాటిలో చిన్న విషయం. రొట్టె రుచిని నిర్ణయించేవి రెండు: ఏ పాత్రలో కాల్చారు, ఏ పిండి వాడారు. ఈ రెండూ కుదిరితే మిగతా కొలతలు కాస్త అటూ ఇటూ అయినా ఫరవాలేదు.

పాత్ర: ఇనుమా, గాజా, అల్యూమినియమా?

దిబ్బరొట్టె చేసుకునే ఇళ్లలో ఈ సంగతి విడమర్చి చెప్పక్కర్లేదు. మందపాటి మూకుడులో నూనె కాగాక పిండి పోసి మూత పెడితే అడుగున ఎర్రటి పెచ్చు కడుతుంది. అందరి కళ్లూ ఆ పెచ్చు మీదే ఉంటాయి. స్కిల్లెట్ అనే అంచున్న పోత ఇనుప పెనంలో కాల్చే ఈ కార్న్‌బ్రెడ్ ప్రాణం కూడా ఆ పెచ్చులోనే ఉంది.

పోత ఇనుము నెమ్మదిగా వేడెక్కుతుంది గానీ ఒకసారి వేడెక్కాక ఆ వేడిని పట్టుకుని ఉంచుతుంది. చల్లటి పిండి పోసినా పాత్ర చప్పున చల్లారిపోదు. అందుకే పిండి పాత్రను తాకిన క్షణం నుంచే అడుగు వేగడం మొదలవుతుంది, రొట్టె అంటుకోకుండా ఊడి వస్తుంది. పల్చటి అల్యూమినియం పాత్రలో ఇది జరగదు. అందులో రొట్టె ఉడుకుతుంది, పైన రంగు కూడా వస్తుంది, కానీ అడుగు మెత్తగా, పాలిపోయి ఉంటుంది. గాజు పాత్ర సంగతి వేరు. ఖాళీ గాజు పాత్రను ఓవెన్‌లో కాల్చి అందులో చల్లటి పిండి పోస్తే పగిలిపోయే ప్రమాదం ఉంది, ఆ పని చెయ్యనే వద్దు. గాజే వాడాలంటే చల్లటి పాత్రలో పిండి పోసి, వేడెక్కిన ఓవెన్‌లో పెట్టాలి. అలా చేస్తే పెచ్చు మీద ఆశ వదులుకోవాల్సిందే.

ఇనుముకూ ఇబ్బందులున్నాయి. పది అంగుళాల స్కిల్లెట్ బరువు రెండు కిలోలు దాటుతుంది. తడిగా వదిలేస్తే తుప్పు పడుతుంది. ఓవెన్ నుంచి తీశాక కూడా పిడి చాలాసేపు కాలుతూనే ఉంటుంది, దాని మీద ఒక మందపాటి గుడ్డ కప్పి ఉంచడం మంచిది. ఇన్ని ఉన్నా నా ఓటు ఇనుముకే. టెన్నెసీలో సౌత్ పిట్స్‌బర్గ్ అనే చిన్న ఊళ్లో లాడ్జ్ కంపెనీ 1896 నుంచి పోత ఇనుప పాత్రలు చేస్తోంది. అదే ఊళ్లో 1997 నుంచి జాతీయ కార్న్‌బ్రెడ్ పండగ జరుగుతోంది. ఆ పాత్రకూ ఈ రొట్టెకూ ఉన్న చుట్టరికం అంత దగ్గరిది.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో చిన్న ఓటీజీ ఓవెన్‌లో చేసేవాళ్లు కొనేముందు పిడితో సహా కొలుచుకోండి, పది అంగుళాలది చాలావాటిలో పట్టదు. ఎనిమిది అంగుళాలది తీసుకుంటే కింద చెప్పబోయే కొలతల్లో మూడింట రెండు వంతులు సరిపోతాయి. దోసెల పెనం దీనికి పనికిరాదు. దానికి అంచు లేదు కాబట్టి పిండి నిలవదు.

పిండి: తిరగలి పిండా, మిల్లు పిండా?

ఇక్కడే ఎక్కువమంది తొందరపడతారు. సూపర్ మార్కెట్‌లో చవగ్గా దొరికే మొక్కజొన్న పిండి చాలావరకు గింజలోని మొలక భాగం తీసేసి ఆడించినది. ఉక్కు రోలర్ల మిల్లులు వచ్చాక ఈ పద్ధతి పాతుకుపోయింది. గింజలో నూనె ఉండేది ఆ మొలకలోనే. అది పోతే పిండి నెలల తరబడి అల్మరాలో చెడకుండా ఉంటుంది. కానీ మొక్కజొన్న కమ్మదనంలో పెద్ద వాటా కూడా దానితోనే పోతుంది. రాతి తిరగళ్లతో ఆడించిన పిండి, ప్యాకెట్ మీద ‘స్టోన్ గ్రౌండ్’ అని రాసి ఉండేది, సాధారణంగా కాస్త బరకగా ఉంటుంది, మొలక చాలావరకు అందులోనే ఉంటుంది. ధర ఎక్కువ. బయట పెడితే కమురు వాసన వస్తుంది కాబట్టి ఫ్రీజర్‌లో దాచుకోవాలి. ఈ రొట్టెలో ఎక్కువ డబ్బు పెట్టాల్సింది దేనికైనా ఉంటే అది ఈ పిండికే.

ఎక్కువమంది పంచదార వేయడానికి కారణం కూడా ఇక్కడే కొంత దొరుకుతుంది. పిండికి సొంత రుచి ఉంటే తీపి అడగదు. రుచి లేని పిండిని పంచదార ఆదుకుంటుంది.

తెలుపా, పసుపా అన్నదాని మీద దక్షిణాదిలో పాతతరం వాళ్లకు గట్టి పట్టింపు ఉంది, చాలామందికి తెల్ల పిండే అసలుది. పసుపు గింజలో ఆ రంగునిచ్చే కెరోటినాయిడ్లు ఉంటాయి, తెల్లదాని రుచి కాస్త సున్నితంగా ఉంటుంది. నాకు ఈ తేడా పెద్దదిగా అనిపించలేదు, తాజాగా ఏది దొరికితే అది తీసుకోండి. ‘సెల్ఫ్ రైజింగ్’ అని రాసి ఉంటే మాత్రం అందులో బేకింగ్ పౌడర్, ఉప్పు ముందే కలిపి ఉంటాయి, మళ్లీ వేయకూడదు.

ఇండియాలో చేసేవాళ్లు కార్న్‌ఫ్లోర్ పేరుతో అమ్మే తెల్లటి గంజి పిండి జోలికి వెళ్లొద్దు, దానితో రొట్టె రాదు. తెలంగాణలో కరీంనగర్, వరంగల్, నిజామాబాద్ వైపు మక్కలకు కొదవలేదు. ఎండు మక్కలు గిర్నీలో కాస్త బరకగా పట్టించుకుంటే షాపు పిండి కంటే మంచి పిండి చేతికొస్తుంది.

తీపి, ఉప్పు

సంప్రదాయం అంటే పంచదార లేనిదే అని దక్షిణాదిలో చాలామంది అంటారు. ఆ మాట మొత్తం నిజం కాదు. ఉత్తరాది రాష్ట్రాల్లోనే కాదు, దక్షిణాదిలోని ఎన్నో ఆఫ్రికన్ అమెరికన్ ఇళ్లలోనూ తియ్యటి పసుపు రొట్టే తరాలుగా వస్తున్న వంట. దాన్ని నకిలీ అనడం తప్పు. దేనితో తింటున్నారు అన్నదాన్ని బట్టి ఎంచుకోవడం నయం. బీన్స్, ఆకుకూర, కారం కూరలతో అయితే ఉప్పు రొట్టె. టీతోనో, వెన్న, తేనెతోనో అయితే రెండు పెద్ద చెంచాల పంచదార వేసుకోండి. అంతకు మించితే పంచదార త్వరగా రంగు తిరిగి, మధ్యలో ఉడికేలోపే అడుగు నల్లబడే అవకాశం ఉంది.

మైదా కలపడం మీద నా అభిప్రాయం కాస్త కఠినం. మైదా వేస్తే ముక్క విరగకుండా వస్తుంది, నిజమే. కానీ సగానికి సగం మైదా అయ్యాక అది మొక్కజొన్న రొట్టె అనిపించుకోదు. విరగడమే సమస్య అయితే దానికి వేరే దారి ఉంది, కిందే చెబుతాను.

మజ్జిగ, కొవ్వు

పాల కంటే మజ్జిగ మేలు, ఇందులో రెండో మాట లేదు. మజ్జిగలోని పులుపుకు వంటసోడా తగిలితే గాలి బుడగలు పుట్టి రొట్టె పొంగుతుంది, రుచికి పులుపు కూడా తోడవుతుంది. అయితే అమెరికాలో డబ్బాల్లో అమ్మే బటర్‌మిల్క్ పాలను పులియబెట్టి చేసిన చిక్కటి పదార్థం. మన పల్చటి మజ్జిగ పోస్తే పిండి నీళ్లోడుతుంది. రెండు వంతుల పుల్ల పెరుగులో ఒక వంతు నీళ్లు పోసి చిలికితే సరిగ్గా ఆ చిక్కదనం వస్తుంది.

కొవ్వు దగ్గర దక్షిణాది ఇళ్లలో పాత అలవాటు పంది మాంసం వేయించగా మిగిలిన కొవ్వు. తినేవాళ్లకు అది ఇచ్చే రుచి వేరు. తిననివాళ్లకు నెయ్యి వెన్న కంటే మంచిది. కాలే ఇనుము మీద వెన్నలోని పాల పదార్థం మాడిపోతుంది, నేతికి ఆ బాధ లేదు.

ఇక ప్యాకెట్

మిషిగన్‌లోని చెల్సీ మిల్లింగ్ కంపెనీ చేసే జిఫీ మిక్స్ పెట్టె అమెరికాలో తెలియనివాళ్లు తక్కువ. చవక, గుడ్డూ పాలూ కలిపితే అరగంటలో పని అయిపోతుంది. చిన్నపిల్లలున్న ఇంట్లో, పని రోజున, అది పనికొచ్చే వస్తువే. కానీ అందులో గోధుమ పిండి ఎక్కువ, పంచదార ఉంది. పైగా చాలా ఏళ్లపాటు ఆ మిక్స్‌లో పంది కొవ్వు ఉండేది. శాకాహారులు ఏ కంపెనీ మిక్స్ కొన్నా దినుసుల జాబితా చదివాకే బుట్టలో వేసుకోవాలి.

సమయంలో తేడా చూస్తే, పిండి తెచ్చి కలుపుకోవడానికి ప్యాకెట్ కంటే పట్టేది మహా అయితే ఇంకో పది నిమిషాలు. ఓవెన్, స్కిల్లెట్ వేడెక్కడానికి ఎలాగూ ఇరవై నిమిషాలు ఆగాలి, ఆ లోపు కలపడం అయిపోతుంది. కాబట్టి టైము లేదన్న కారణం ఇక్కడ నిలవదు.

చేసే పద్ధతి

పది అంగుళాల స్కిల్లెట్‌కు రెండు కప్పుల మొక్కజొన్న పిండి, ముప్పావు నుంచి ఒక చిన్న చెంచా ఉప్పు, ఒక చెంచా బేకింగ్ పౌడర్, అర చెంచా వంటసోడా, రెండు గుడ్లు, ఒకటిముప్పావు కప్పుల చిక్కటి మజ్జిగ, నాలుగు పెద్ద చెంచాల నెయ్యి. బరక పిండి అయితే ముందే మజ్జిగలో పావుగంట నాననివ్వండి, లేకపోతే పంటికి పలుకులు తగులుతాయి. స్కిల్లెట్‌ను ఓవెన్‌లో పెట్టి 220 డిగ్రీల సెల్సియస్‌కు, అంటే 425 ఫారెన్‌హీట్‌కు వేడి చేయండి. చివరి నాలుగైదు నిమిషాల్లో అందులో సగం నెయ్యి వేయండి. ఇటు పిండిలో గుడ్లు, మిగతా నెయ్యి, ఉప్పు, బేకింగ్ పౌడర్ కలిపి, సోడా అన్నిటికంటే చివర్లో వేయాలి. గరిటెతో ఎత్తితే ధారగా జారాలి. స్కిల్లెట్‌లో పోయగానే చుయ్యిమని శబ్దం రావాలి. రాకపోతే పాత్ర ఇంకా కాలలేదన్నమాట. ఇరవై నుంచి ఇరవై అయిదు నిమిషాల్లో అంచులు పాత్రను వదులుతాయి. అయిదు నిమిషాలు ఆగి పళ్లెంలోకి బోర్లించండి. పెచ్చు పైకి ఉండాలి, లేకపోతే ఆవిరికి మెత్తబడుతుంది.

గుడ్డు తిననివాళ్లు పిండిలో మూడో వంతు విడిగా తీసి, దాని మీద మరిగే నీళ్లు పోసి ముద్దగా కలిపి, చల్లారాక మిగతా పిండిలో కలపండి, మజ్జిగ ఆ మేరకు తగ్గించండి. జొన్నరొట్టెకు వేడినీళ్లతో పిండి కలిపేదీ ఇందుకే. గ్లూటెన్ లేని పిండికి ఉడికిన గంజే జిగురు. రొట్టె కొంచెం బరువుగా వస్తుంది గానీ ముక్క విరగదు.

తినడంలోనూ తగువు ఉంది. కొలార్డ్ ఆకుకూర ఉడికించిన నీళ్లను అక్కడ పాట్‌లికర్ అంటారు. ఈ రొట్టెను అందులో ముంచుకోవాలా, నలిపి వేసుకోవాలా అని 1931లో లూసియానా నాయకుడు హ్యూయీ లాంగ్, అట్లాంటా కాన్‌స్టిట్యూషన్ పత్రిక ఎడిటర్ జూలియన్ హారిస్ పత్రికకెక్కి మరీ వాదించుకున్నారు. లాంగ్ ముంచాలన్నాడు, హారిస్ నలపాలన్నాడు. నేను హారిస్ పక్షం. తోటకూర పప్పులో నలుపుకున్నా అంతే బాగుంటుంది, రాత్రి మిగిలిన ముక్కను చల్లటి మజ్జిగలో నలుపుకుని తినడం దక్షిణాదిలో ఇప్పటికీ ఉన్న అలవాటే.

థాంక్స్‌గివింగ్‌కు డ్రెస్సింగ్ (నలిపిన రొట్టెలో ఆకులు, ఉల్లి, రసం కలిపి కాల్చే వంటకం) చేద్దామనుకునేవాళ్లు మాత్రం తప్పకుండా పంచదార లేని రొట్టే చేయాలి. సేజ్ ఆకు, ఉల్లి, సెలరీలతో తీపి అస్సలు పొసగదు. ముందు రోజే కాల్చి, నలిపి, పళ్లెంలో పరిచి రాత్రంతా ఆరనిస్తే మర్నాడు రసం బాగా పీలుస్తుంది.