పిల్లల దయ్యాల కథలు, ప్రేమ కథలు: నెల్లూరు ట్రంకు రోడ్డులోని ఒక కొట్టు అర

మూడు నుంచి ఏడేళ్ల పిల్లలకి ఈ పుస్తకాల అర బాగానే పనికొస్తుంది. కాకపోతే ఏరుకోవాలి.

దయ్యాల పుస్తకం తీయగానే ముందు చివరి రెండు పేజీలు చూడండి. తాటితోపులో కదిలింది ఎండు మట్ట అనో, గోడ మీది నీడ లాంతరు ముందు నిలబడ్డ తాతది అనో తేలాలి. నాలుగేళ్ల లోపు పిల్లలకి ఊహకీ నిజానికీ మధ్య గీత ఇంకా గట్టిపడదు. అందుకే భయాన్ని తేల్చకుండా వదిలేసిన కథ రాత్రి నిద్ర చెడగొడుతుంది. అలాంటివి ఆరేళ్లు దాటాక, అదీ పగటిపూట చదవండి. బొమ్మలో కోరలు, నెత్తురు ఉంటే పక్కన పెట్టేయండి. నల్లటి పేజీలో రెండు కళ్లు చాలు, పిల్లలు కిక్కురుమనరు.

ప్రేమ కథల్లో రాజకుమారి పెళ్లిళ్లే ఎక్కువ, విసుగు. అవ్వా మనవరాలూ, పిల్లాడూ ఒంగోలు గిత్తదూడా లాంటివి వెతకండి. దూడ తప్పిపోయి దొరికితే ఆ వయసుకి అంతకన్నా ప్రేమ అక్కర్లేదు.

అచ్చు సంగతి: వరసల మధ్య ఎడం తక్కువైతే పైవరస వత్తులు కిందివరస గుడిదీర్ఘాలకి తగులుతాయి, కొత్తగా చదివేవాళ్లు అక్కడే ఆగిపోతారు. అక్షరాల సైజు 18 పాయింట్లకి తగ్గితే వద్దు. నడిమి పేజీ తెరిచి పిన్నులు తడమండి. పైకి లేచుంటే వేళ్లు గీసుకుంటాయి.

సంభాషణలన్నీ పుస్తకాల భాషే. చదివేటప్పుడు ‘వస్తున్నాను’ని ‘వస్తా ఉండా’ చేసుకోండి, దయ్యం మన ఊరిదవుతుంది.