బిలంలో బెదురు, లోయ అంచున ధీమా

కిందటి మాఘమాసంలో అత్తగారు, మా ఆవిడ, బావమరిదితో కలిసి తాడిపత్రిలో రెండు రాత్రులు బస చేసి, మొదటి రోజు బెలుం గుహలు, రెండో రోజు గండికోట చూసి వచ్చాము.

నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల మండలంలోని బెలుం గుహలకు కొండ ఎక్కవలసిన పని లేదు. చదునైన నేల మీద పాడుబడిన బావిలా కనిపించే గోతిలోకి మెట్లు దిగితే చాలు. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రవేత్త వీటి గురించి రాశాడు. ఆ తర్వాత దాదాపు వంద సంవత్సరాలకు, గెబాయర్ అనే జర్మన్ అన్వేషకుడి బృందం లోపలి దారులను కొలిచింది. 2002లో పర్యాటకులకు తెరిచారు. మొత్తం పొడవు 3,229 మీటర్లయితే, మనల్ని నడవనిచ్చేది అందులో సుమారు సగమే. దీపాలు, బాట, గాలి ఆడే ఏర్పాట్లు బాగానే ఉన్నాయి. ఉక్కపోత మాత్రం తప్పదు కనుక నూలు బట్టలు వేసుకుని, పట్టు ఉన్న చెప్పులతో, పొద్దున్నే వెళ్లడం మేలు.

టికెట్ల కిటికీ దగ్గర మా బావమరిది, "గైడెందుకు బావా, దారి తప్పడానికి ఇదేమన్నా అడవా?" అన్నాడు. అన్నిటికంటే లోతైన పాతాళగంగ దగ్గర, అంటే పైనుంచి 46 మీటర్ల అడుగున, దీపాలు ఆరిపోయాయి. అరనిమిషానికి మించి ఉండదు. అంతలోనే ఎవరో పిల్లవాడు ఏడ్చాడు, ఎవరో దేవుణ్ణి పిలిచారు, నా మణికట్టును రెండు చేతులు గట్టిగా పట్టుకున్నాయి. దీపాలు వెలిగాక చూస్తే అవి మా ఆవిడవి కావు, బావమరిదివి. అత్తగారు మాత్రం నిలబడినచోటే నిలబడి, "మా పెళ్లయిన పదేళ్లకు గానీ ఊళ్లోకి కరెంటు రాలేదు, చీకటికి భయపడితే కాపురం చేసేదాన్నేనా?" అన్నారు.

పైకప్పు నుంచి వేలాడే సున్నపురాతి ఊడలు నీటిచుక్కలు వదిలిపోయిన సున్నంతో పేరుకున్నవే. అవి ఏడాదికి మిల్లీమీటరులో ఏ కొంతో పెరుగుతాయి. అంత ఓపికగా తయారైన రాతి మీద, చేతికందినంత ఎత్తులో, పేర్లు గీసి ఉన్నాయి. ఒక పేరు పక్కన హృదయం బొమ్మ, దాని పక్కన కొట్టివేత కూడా ఉంది. రాయి ఇంకా అలాగే ఉండగా ఆ ప్రేమ ఏమయిందో అనుకుని నవ్వుకున్నాను. తనను లోకం మరిచిపోతుందన్న బెంగ మనిషి చేత ఎంత పాడు పనైనా చేయిస్తుంది.

నవ్వుకున్న నేనూ తక్కువ తినలేదు. మర్నాడు ఉదయం తొమ్మిదికి గదులు ఖాళీ చేయబోతే, మా లాడ్జి వారు రోజు ఎనిమిదింటికే ముగుస్తుందనీ, మరో సగం రోజు అద్దె కట్టాలనీ అన్నారు. దిగినప్పుడు ఆ మాట చెప్పలేదు. పక్కలు శుభ్రంగా ఉన్నాయి గానీ వేడినీళ్లకు రెండుసార్లు కిందికి దిగి అడగవలసి వచ్చింది. లక్షల ఏళ్ల రాళ్లను చూసి వచ్చిన నేను ఒక్క గంట కోసం ముప్పావు గంట వాదించి, చివరకు అడిగిన దానిలో సగం కట్టి, గెలిచినట్టే బయటపడ్డాను. ఎదురుగా బండి మీద తిన్న ఉగ్గాని, మిరపకాయ బజ్జీలే ఆ ఊళ్లో మాకు దక్కిన నికరమైన సేవ.

గండికోటలో సూర్యోదయం చూడాలనుకునేవారు తాడిపత్రిలో కాక అక్కడి పర్యాటక శాఖ హోటల్లోనే దిగడం మంచిది. కోటలోని జామియా మసీదు, ధాన్యాగారం, మాధవరాయస్వామి గుడి తీరికగా చూడదగినవి. జనమంతా మాత్రం, ఎర్రమల కొండలను కోసుకుని పెన్న పారే లోయ వైపే పరుగెత్తుతారు. మేము నిలుచున్న చోట గోడ లేదు, కంచె లేదు. రాళ్ల మధ్య సందులు, గాలి విసురు మాత్రం ఉన్నాయి. నిన్న బాట మీద, వందమంది మధ్య వణికిన బావమరిది ఇక్కడ అంచున కూర్చుని, కాళ్లు లోయలోకి వేలాడదీసి, ఫోను పైకెత్తాడు.

పాతాళగంగ దగ్గర చలించని అత్తగారికి ఇప్పుడు గొంతు పెగలలేదు. కాసేపటికి, "ఒరేయ్, ఇవతలికి రారా," అని కేక వేశారు.

"ఇక్కడ భయమేముందమ్మా, అంతా కనబడుతూనే ఉందిగా!" అన్నాడు వాడు, లేవకుండానే.