పోచంపల్లి బజారులో పెళ్ళి చీరలు: ఒక దుకాణం, దాని వెనుక మగ్గం

మా చిన్నమ్మాయి పెళ్ళికి పట్టు చీరలు కొనడానికి గత నెలలో నల్లగొండ నుంచి నార్కట్‌పల్లి, చిట్యాల, చౌటుప్పల్ మీదుగా భూదాన్ పోచంపల్లికి వెళ్ళాము. ప్రధాన వీధిలోని ఒక ప్రైవేటు దుకాణంలో దాదాపు మూడు గంటలు కూర్చుని, మూడు చీరలు కొని, నాలుగోదానికి ఆర్డరు ఇచ్చి వచ్చాము. ఆ దుకాణం గురించే ఈ సమీక్ష. అయితే ముప్పై ఏళ్ళు ఇంటర్మీడియట్ పిల్లలకు అర్థశాస్త్రం చెప్పినవాణ్ణి కావడం వల్ల, పెట్టుబడిదారీ విధానం మేలా, ప్రణాళికా విధానం మేలా, సహకార పద్ధతి మేలా అని ఏటా నల్లబల్ల మీద రాసిన ప్రశ్న ఆ మూడు గంటలూ నన్ను వదలలేదు. దుకాణం పేరు రాయడం లేదు. అదే పద్ధతిలో నడిచే దుకాణాలు ఆ వీధిలో మరికొన్ని ఉన్నాయి, నేను మెచ్చుకుంటున్నదీ ఆ పద్ధతినే.

రెండేళ్ళ కిందట వేరే పట్టణంలో ఒకచోట మగ్గం చీర అని నమ్మించి, ఇక్కత్ (పోగులకే ముందుగా రంగు అద్ది నేసే పద్ధతి) డిజైను అచ్చు వేసిన మరమగ్గం చీరను మాకు అంటగట్టారు. ఇంటికి వచ్చి తిరగేసి చూస్తే లోపలి వైపు రంగు వెలవెలబోయి ఉంది. ఆ దెబ్బతో ఈసారి మా ఆవిడ అనుమానంతోనే మెట్లెక్కింది. ఆమె అడగకముందే యజమాని చీర మడత విప్పి, కొంగును రెండు వైపులా తిప్పి చూపించారు. నేయడానికి ముందే పోగులకు చిటికి కట్టి, అంటే రంగు ఎక్కకూడని చోట దారంతో గట్టిగా బిగించి, అద్దకం వేస్తారు కాబట్టి అసలు చీరలో డిజైను ఇరువైపులా ఒకే తీరుగా ఉంటుంది, పువ్వు అంచు దగ్గర రంగు గీత గీసినట్టు కాకుండా కొద్దిగా చెదిరి కనిపిస్తుంది. ఆ చెదురే చేతి పనికి గుర్తు అని ఆయన చెప్పి, అంచు నుంచి రెండు పోగులు లాగి వెలిగించారు. కాలిన వెంట్రుకల వాసన వచ్చి, బూడిద వేళ్ళ మధ్య పొడి అయింది. పట్టుకు అదే పరీక్ష.

ధరల విషయానికి వస్తే, పేకకు (అడ్డు పోగులకు) మాత్రమే చిటికి కట్టిన చీరకు 9,200 రూపాయలు, పడుగుకూ (నిలువు పోగులకూ) పేకకూ రెండింటికీ కట్టిన డబుల్ ఇక్కత్‌కు 16,800 రూపాయలు చెప్పారు. మా ఆవిడ మొహం చూసి ఆయనే, "బయట కూడా చూసుకొని రండమ్మా, తొందరేం లేదు" అన్నారు. ఆమె నిజంగానే చెప్పులు తొడుక్కొని మెట్లు దిగి, సహకార సంఘం దుకాణానికీ మరో రెండు ప్రైవేటు దుకాణాలకూ వెళ్ళి, ధరలు మనసులో పెట్టుకుని గంటకు తిరిగి వచ్చింది. మొదటి చీర మీద ఆయన ఆరు వందలు తగ్గించారు. రెండోదాని మీద రూపాయి కూడా తగ్గించలేదు, కానీ పడుగు పోగు మీది గుర్తూ పేక పోగు మీది గుర్తూ నేతలో సరిగ్గా ఒకదాని మీద ఒకటి పడడానికి ఎంత పని అవసరమో చీర మీద వేలు పెట్టి చూపించారు. ఆయన చెప్పిన ధరే ఇచ్చాము.

పెట్టుబడిదారీ విధానంలో నేను మనస్ఫూర్తిగా గౌరవించేది మా ఆవిడ ఆ మెట్లు దిగి వెళ్ళగలగడాన్నే. ఆ యజమాని మంచివాడే కావచ్చు, కానీ ఆయన మంచితనం మీద మేము ఆధారపడవలసిన అవసరం లేకపోయింది. పక్కన ఇంకో దుకాణం ఉండడమే ఆయన చేత సరుకు తిప్పి చూపించింది, ఓపికగా మాట్లాడించింది. నా చిన్నతనంలో మా ఊరి సొసైటీలో కంట్రోలు బట్ట అమ్మేవారు. నాయన కార్డు పట్టుకొని వరుసలో నిలబడితే ఉన్న రెండు రంగుల్లో ఏదో ఒకటి కోసి ఇచ్చేవారు, మడత విప్పి చూపించమని అడిగే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు. అక్కడ బట్ట చించిన గుమాస్తా చెడ్డవాడేమీ కాదు. మేము వెళ్ళడానికి మరో చోటు లేదు, అంతే.

దేశం మొత్తాన్ని అలా ప్రభుత్వ ప్రణాళిక ప్రకారమే నడిపితే ఏమవుతుందో సోవియట్ యూనియన్ చూపింది. 1928లో పంచవర్ష ప్రణాళికలు మొదలుపెట్టిన ఆ దేశం భారీ పరిశ్రమల్లో అసాధారణమైన ప్రగతి సాధించింది, 1957లో ప్రపంచంలో మొదటి కృత్రిమ ఉపగ్రహాన్ని పంపింది, అయినా మామూలు మనిషికి కావలసిన బూట్ల దగ్గరా మాంసం దగ్గరా బారులు తప్పలేదు. ఎవరికి ఏ రంగు కావాలో, ఏ కొలత సరిపోతుందో కార్యాలయంలో కూర్చున్నవారికి తెలిసే దారి లేదు. చైనాలోని శియావోగాంగ్ గ్రామంలో 1978లో 18 మంది రైతులు సమష్టి భూమిని ఇంటింటికీ పంచుకుని సాగు చేద్దామని రహస్యంగా వేలిముద్రలు వేసుకున్నారు. మరుసటి ఏడాది అదే భూమిలో పంట ఎంతగానో పెరిగింది. ఈ ఉదాహరణ చెప్పిన ప్రతిసారీ తరగతిలో రైతు బిడ్డలు ముందుగా తల ఊపేవారు.

పోచంపల్లిలో ఈ మాట అంటున్నప్పుడు ఆ ఊరి చరిత్రను దాటిపోలేము. తెలంగాణ సాయుధ పోరాటం ఇంకా ముగియని రోజుల్లో, 1951 ఏప్రిల్ 18న, వినోబా భావే అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలు ఇచ్చింది ఇక్కడే. భూమి లేని దళిత కుటుంబాలు అడిగినది ఎనభై ఎకరాలు. ఆ దానం ముందు నేను ఈనాటికీ చేతులు జోడిస్తాను. కానీ దాత మనసు మీద నిలబడిన ఏర్పాటు దాత ఉన్నంత మేరకే నడుస్తుంది. ఒక్క గ్రామంలో జరిగిన మహత్కార్యం దేశమంతటా అదే తీరున జరగలేదు, ఇచ్చిన భూముల్లో సాగుకు పనికిరానివీ పంపకం కానివీ ఎన్నో మిగిలాయి. బజారు ఎవరినీ మహాత్ముడివి కమ్మని అడగదు. అది దాని బలం.

అయితే మెట్లు దిగి వెళ్ళే హక్కు కొనేవారికి మాత్రమే ఉంటే ఆ బలం సగమే. అందుకే దుకాణం వెనుక ఉన్న మగ్గం చూస్తామని అడిగాను, యజమాని సంకోచించకుండా తీసుకెళ్ళారు. గుంట మగ్గం మీద నలభై దాటిన నేతన్న, పక్కన కండెలు చుడుతున్న భార్య. కూలి గిట్టుబాటు అవుతోందా అని అడిగితే ఆయన నాడె ఆపి, "మా నాయన అడ్వాన్సు తీర్వకనే పోయిండు సార్, ఒక్క సేటు దగ్గర్నే ఇరవై ఏండ్లు నేసిండు. నేను బాకీ లేకుంట చేసుకున్న. కూలి తక్కువిస్తె ఇంకో సేటు దగ్గరికి పోత" అన్నారు. సేటు అంటే కూలి ఇచ్చి నేయించుకునే వ్యాపారి. తండ్రి కాలంలోనూ బజారు ఉంది, దుకాణాలూ ఉన్నాయి, అయినా ఆ మనిషికి పోటీ వల్ల పైసా లాభం రాలేదు, ఎందుకంటే అప్పు ఆయన కాళ్ళు కట్టేసింది. తక్కువ వడ్డీకి రుణం, సంఘం ఇచ్చే నూలు, పడుగు ఆగిన రోజుల్లో పూట గడిచే ఆసరా, ఇవి పెట్టుబడిదారీ విధానానికి అడ్డుపుల్లలు కావు. అవి ఉన్నచోటే నేతన్న బేరమాడగలడు. సంఘం దుకాణంలో మేము ఏమీ కొనకపోయినా, అది ఆ వీధిలో ఉండడం వల్లే మా చీర ధర మరీ పెరగలేదని, ఆ నేతన్న కూలి మరీ పడిపోలేదని నా నమ్మకం.

ఆ ఇంట్లోనే, చిటికి కట్టే ముందు దారాన్ని వరుసగా చుట్టి సిద్ధం చేసే ఆసు యంత్రం చూశాను. పూర్వం చీరకు ఆసు పోయాలంటే ఇంటి ఆడవారు మేకుల చుట్టూ దారం తిప్పుతూ దాదాపు తొమ్మిది వేల సార్లు చేయి ఆడించేవారు, నాలుగైదు గంటలు పట్టేది. ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం తల్లి భుజం నొప్పి చూడలేక ఏళ్ళ తరబడి కష్టపడి 1999 నాటికి యంత్రం పూర్తి చేశారు, పని గంటన్నరకు తగ్గింది. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. కొత్తదాన్ని కనిపెట్టేది లాభాపేక్షేనని నేను పిల్లలకు చెప్పేవాణ్ణి, ఆ వాక్యాన్ని ఇప్పుడు సవరించుకుంటున్నాను. ఇక్కడ కనిపెట్టించింది తల్లి మీది ప్రేమ. దాన్ని ఇంటింటికీ చేర్చింది మాత్రం కొనుగోలూ అమ్మకమే.

అచ్చు చీరల మోసాన్ని పోటీ ఒక్కటే ఆపజాలదు. తక్కువ ధరకు నకిలీ అమ్మేవాడే పోటీలో గెలిచే ప్రమాదం ఉంది. పోచంపల్లి ఇక్కత్‌కు భౌగోళిక గుర్తింపు (ఆ ప్రాంతపు నేతకే ఆ పేరు చెల్లుతుందనే హక్కు), కొన్ని రకాల వస్త్రాలను చేమగ్గాలకే కేటాయించిన 1985 నాటి చట్టం, చీరకు కుట్టే చేనేత గుర్తు ఉన్నవి అందుకే. ఈ దుకాణంలో గుర్తు చూసిన తరువాతే కొన్నాము, జీఎస్టీతో కూడిన బిల్లు అడగకుండానే ఇచ్చారు.

లోపాలు కూడా చెప్పాలి. కారు నిలపడానికి చోటు లేదు. మోకాళ్ళ నొప్పి ఉన్నవారికి ఒకే ఒక్క కుర్చీ ఉంది, మిగతా అందరూ పరుపు మీద కూర్చోవలసిందే. మార్పిడికి పదిహేను రోజులే గడువు, పెళ్ళి కొనుగోళ్ళకు అది చాలదు. చీర చీటీ మీద నేసినవారి పేరు రాయడం లేదు, రాయాలని గట్టిగా కోరి వచ్చాను.

నాలుగో చీర ముదురు ఎరుపు మీద ఏనుగుల వరుస, కొంగు పసుపు. మేము చూసిన మగ్గం మీదే, ఆ నేతన్న చేతనే వేయిస్తామని, పడుగు ఎక్కడానికి ముందు చిటికి కట్టిన పోగుల ఫోటో పంపుతామని మాట ఇచ్చారు. నిన్న సాయంత్రం ఫోటో వచ్చింది.