పదిహేను రోజుల్లో ఎరువు అంటూ అమ్మే బకెట్ల విషయంలో జాగ్రత్త

ఇంటి తడి చెత్తతో తొలిసారి ఎరువు చేసుకుందామని ఆన్‌లైన్‌లో డబ్బాల కోసం వెతుకుతున్న వారికి ఒక మనవి. "పదిహేను రోజుల్లో కంపోస్టు సిద్ధం" అన్న ప్రకటన కనిపించగానే డబ్బు కట్టేయకుండా, ముందు నాకు జరిగినది చదవండి. గత జులైలో 2,450 రూపాయలు పెట్టి అటువంటి సెట్టు ఒకటి కొన్నాను. మాది హైదరాబాదులో మూడో అంతస్తు ఫ్లాటు. బాల్కనీలో పద్నాలుగు కుండీలు తప్ప నాకు చేరెడు నేల కూడా లేదు. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానో ముందు ముందు తెలుస్తుంది.

వచ్చిన పెట్టెలో మూత బిగుతుగా పట్టే 20 లీటర్ల బకెట్లు రెండు, వాటి అడుగున చిల్లుల పలక, కింద చిన్న కుళాయి, కిలో బరువున్న తవుడులాంటి పొడి, ఒక కాగితం ఉన్నాయి. వంటింటి చెత్త వేసిన ప్రతిసారీ గుప్పెడు పొడి చల్లి, గట్టిగా అదిమి, గాలి చొరబడకుండా మూత పెట్టాలనీ, బకెట్టు నిండాక పదిహేను రోజులు తెరవకుండా ఉంచితే "మీ ఎరువు సిద్ధం" అనీ ఆ కాగితంలో ఉంది. పొల్లుపోకుండా అలాగే చేశాను. పదహారో రోజు మూత తీసేసరికి అరటి తొక్క అరటి తొక్కలాగానే, బీరకాయ చెక్కు చెక్కులాగానే కనిపించాయి. పైన నల్లని, ఆకుపచ్చని బూజు పట్టి ఉంది. వాసన ఎంత ఘాటుగా ఉందంటే పక్క ఫ్లాటు పిన్నిగారు తలుపు కొట్టి, ఎలుక ఏదైనా చచ్చిందేమో చూసుకోమన్నారు. అయినా కాగితం మీద నమ్మకంతో ఆ ముద్దను మట్టిలో కలిపి, ఆరు కుండీల్లో టమాటా నారు నాటాను. ఎనిమిది రోజుల్లో నాలుగు మొక్కలు వాడి చనిపోయాయి. మిగిలిన రెండింటి ఆకులు పసుపు తిరిగి, ఎదుగుదల ఆగిపోయింది.

తప్పు నాదేనేమోనని చాలా చదివాక తెలిసిన సంగతి ఇది. గాలి తగలకుండా మూసిపెట్టే ఈ పద్ధతి పేరు బొకాషి. జపాన్‌లో ఒకినావాలోని ర్యుక్యూ విశ్వవిద్యాలయ ఆచార్యుడు తెరువో హిగా 1980ల్లో ప్రచారంలోకి తెచ్చిన సూక్ష్మజీవుల మిశ్రమాన్ని తవుడుకు పట్టించి ఇందులో వాడతారు. ఆ సూక్ష్మజీవులు చెత్తను కుళ్లనీయకుండా పులియబెడతాయి. మనం జాడీలో ఆవకాయ అదిమిపెట్టి, గాలి తగలకుండా పైన నూనె పోసే తీరుకు ఇది దగ్గర. ఊరిన మామిడి ముక్క ముక్కగానే ఉన్నట్టు, ఊరిన చెత్త కూడా చెత్త రూపంలోనే ఉంటుంది. పైగా అది బాగా పుల్లగా, అంటే ఆమ్లంగా ఉంటుంది కాబట్టి లేత వేర్లకు తగిలితే మొక్క తట్టుకోలేదు. దాన్ని నేలలో గోయి తీసి పాతిపెట్టి, మరో రెండు నుంచి నాలుగు వారాలు ఆగితేనే మట్టిలో కలిసిపోయి ఎరువుగా మారుతుంది. కుళాయిలోంచి వచ్చే ఊట నీటికి కూడా వంద రెట్లు నీళ్లు కలపాలని ఈ పద్ధతి తెలిసినవారు చెబుతారు. నాకిచ్చిన కాగితంలో నేరుగా పోయమని ఉంది.

పెరడు ఉన్నవారికి బొకాషి మంచి పద్ధతే. మామూలు కంపోస్టు డబ్బాలో వేయకూడదనే మిగిలిన అన్నం, కూరలు, చేప ముల్లు కూడా ఇందులో వేయవచ్చు. కానీ నాలాంటి బాల్కనీవాళ్లకు "పాతిపెట్టాలి" అన్న ఒక్క మాట దాచి అమ్మడం మోసం కాక మరేమిటి? ప్రకటనలో గానీ కాగితంలో గానీ బొకాషి అన్న పేరే లేదు.

రెండో లోపం పొడిది. పులియడం సవ్యంగా జరిగితే ఊరగాయలాంటి పుల్లని వాసన రావాలి, తెల్లని బూజు కనిపించవచ్చు. దుర్గంధం, నల్ల బూజు వచ్చాయంటే గాలైనా చొరబడి ఉండాలి, సూక్ష్మజీవులైనా చచ్చిపోయి ఉండాలి. అప్పుడు పొడి ప్యాకెట్టు తిప్పి చూస్తే తయారైన నెల, సంవత్సరం లేవు, తయారుచేసిన వారి చిరునామా లేదు. తూనికలు కొలతల చట్టం కింద ప్యాకెట్టు సరుకు మీద ఇవి తప్పనిసరి. బతికున్న జీవులను అమ్ముతున్నామని చెప్పుకునే సరుకుకు తేదీ లేకపోవడం, తేదీ లేని పాల ప్యాకెట్టు కొన్నట్టే. నేను ముందే చూసుకోకపోవడం నా పొరపాటు.

అమ్మినవారికి ఫోను చేస్తే మొదట "మట్టిలో పాతాలి కదండీ" అన్నారు. ఆ మాట కాగితంలో ఎక్కడుందని అడిగితే, వాడిన వస్తువును వాపసు తీసుకోబోమని చెప్పి ఫోను పెట్టేశారు. అమ్మకపు వేదికలో ఫిర్యాదుల అధికారికి ప్యాకెట్టు, కాగితం, మొక్కల ఫొటోలు జతచేసి రాశాను. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలియజేసి, నెలలోగా పరిష్కరించాలి. జవాబు రాకపోయేసరికి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేశాను. ఆ తరువాత పొడి ఖరీదు 450 రూపాయలు వెనక్కి వచ్చాయి. బకెట్ల డబ్బు రాలేదు. పెట్టె విప్పేటప్పుడే ఫొటోలు తీసి ఉంటే నా మాటకు ఇంకొంచెం బలం ఉండేదేమో.

కొనే ముందు అమ్మేవారిని ఒక్క ప్రశ్న రాతపూర్వకంగా అడగండి: "బకెట్టులోంచి తీసినది నేరుగా కుండీలో వేసి నారు నాటవచ్చా?" సూటిగా జవాబివ్వకపోతే వదిలేయండి. ఇంట్లో చిన్న డబ్బాలో, గాలి ఆడే పద్ధతిలో, తడి చెత్తకు రెట్టింపు ఎండుటాకులు వేసి వారానికోసారి కలియబెడితే ఎరువు మాగడానికి రెండు మూడు నెలలు పడుతుంది. పేడనీళ్లో పుల్ల మజ్జిగో చల్లితే పని మొదలవుతుంది, ఏ పొడీ కొననక్కరలేదు. మాగిందో లేదో తెలియాలంటే గిన్నెడు ఎరువులో గుప్పెడు మెంతులు చల్లి చూడండి. వారంలో పచ్చగా మొలవకపోతే మరికొన్నాళ్లు ఆగాలి.

ప్రస్తుతం నేను చుట్టూ చిల్లులు పెట్టించిన పెద్ద మట్టికుండ వాడుతున్నాను. ఆ బకెట్ల ప్రకటన మాత్రం ఈ రోజు వరకూ అదే పదిహేను రోజుల మాటతో అలాగే ఉంది.