పొగబండి ఎక్కించాలంటే ఊటీయా, డార్జిలింగా?

నాన్నని డార్జిలింగ్ తీసుకెళ్ళి వచ్చి నెల కూడా కాలేదు, ఈలోగా ఆమదాలవలస నుంచి, పాతపట్నం నుంచి, విజయనగరంలో ఉన్న మా పెదనాన్న కొడుకుల దగ్గర్నుంచి అదే ప్రశ్న. ఇంట్లో పెద్దవాళ్ళకి ఒక్కసారి బొగ్గింజన్ రైలు ఎక్కించాలి, ఊటీ మేలా, డార్జిలింగ్ మేలా? రెండూ ఎక్కాను కాబట్టి ఫోన్లో ఒక్కొక్కరికీ చెప్పే బదులు ఇక్కడ రాసేస్తున్నాను.

మన దగ్గర ఈ ప్రశ్న ఊరికే రాదు. నౌపడ–గుణుపూర్ చిన్న రైలు ఎక్కినవాళ్ళు ఇంకా మన ఇళ్ళలో ఉన్నారు. పర్లాకిమిడి రాజావారు వేయించిన లైను, 1900లో మొదలైంది, పట్టాల మధ్య రెండున్నర అడుగుల వెడల్పే. 2004లో దాన్ని ఆపేసి తర్వాత పెద్ద లైను వేశారు. నాన్న టెంబూరులో ఎక్కి పర్లాకిమిడి కాలేజీకి వెళ్ళేవారు. కిటికీ పక్కన కూర్చుంటే కంట్లో బొగ్గు నలుసు పడేదని, పొద్దున్న వేసుకున్న తెల్లచొక్కా సాయంత్రానికి మసి పట్టేదని, అమ్మమ్మ చేత తిట్లు తినేవాడినని మాకు చిన్నప్పటి నుంచీ చెబుతూనే ఉన్నారు. నేను బేరీజు వేసింది ఆ నలుసుని మనసులో పెట్టుకునే. పిల్లలతో సరదాగా వెళ్ళేవాళ్ళ లెక్క వేరే ఉండొచ్చు.

ముందు ఒక జాగ్రత్త. ఊటీ రైలంతా పొగబండి కాదు, డార్జిలింగ్ రైలంతా కూడా కాదు. మెట్టుపాళయం నుంచి కూనూరు వరకే ఆవిరింజన్, కూనూరు నుంచి ఊటీకి డీజిల్. మొదటిసారి మేం వెళ్ళినప్పుడు ఒక ట్రావెల్స్ వాళ్ళు ఊటీ–కూనూరు టికెట్లు చేతిలో పెట్టి "ఇదే సార్ ఆ రైలు" అన్నారు, డీజిల్ ఇంజన్ తెచ్చి తగిలించేదాకా మాకు తెలియలేదు. ఆ బాధ ఇంకా ఉంది నాకు, రెండేళ్ళ తర్వాత మళ్ళీ వెళ్ళాల్సి వచ్చింది మరి. డార్జిలింగ్‌లోనూ అంతే, న్యూ జల్పాయిగురి నుంచి రోజంతా ఎక్కే బండికి డీజిల్ ఉంటుంది. డార్జిలింగ్ నుంచి ఘుమ్ వెళ్ళి తిరిగొచ్చే జాయ్ రైడ్‌లో కూడా స్టీమ్, డీజిల్ రెండు రకాలున్నాయి, బుక్ చేసేటప్పుడు స్టీమ్ అని ఉందో లేదో చూసుకోండి.

ప్రయాణం సంగతికొస్తే, విజయనగరంలో ఆగే వివేక్ ఎక్స్‌ప్రెస్ ఒకవైపు వెళ్తే కోయంబత్తూరు, ఇంకోవైపు వెళ్తే న్యూ జల్పాయిగురి. కోయంబత్తూరులో దిగితే మెట్టుపాళయం దగ్గరే. న్యూ జల్పాయిగురి నుంచి డార్జిలింగ్‌కి మాత్రం జీపులో మూడు గంటలకు పైగా మలుపులు, వాంతులయ్యేవాళ్ళకి కష్టం. ఈ విషయంలో ఊటీయే నయం, టికెట్ ధరలో కూడా నయం. డార్జిలింగ్ స్టీమ్ రైడ్ మనిషికి వెయ్యి దాటుతుంది, అదీ రెండు గంటలకే. ఊటీ టికెట్ చవక గానీ దొరకడమే గండం, రిజర్వేషన్ తెరిచిన రోజే కూర్చోవాలి.

ఇంజనీరింగ్ చూస్తే ఊటీ రైలుకి సాటి లేదు, అది ఒప్పుకోవాలి. పొద్దున్న ఏడు దాటాక మెట్టుపాళయంలో కదులుతుంది, కల్లార్ నుంచి పట్టాల మధ్య రంపంలా పళ్ళున్న కడ్డీ మొదలవుతుంది, ఇంజన్ కింద ఉన్న పళ్ళ చక్రం దాన్ని పట్టుకుని పాకుతుంది. దాదాపు పన్నెండు అడుగులకి ఒక అడుగు ఎత్తు. మామూలు చక్రాల సిలిండర్లలో వాడిన ఆవిరినే ఆ ఎక్కుడు దగ్గర పళ్ళ చక్రం సిలిండర్లకి మళ్ళీ పంపుతారు, అప్పుడు ఇంజన్ దమ్ము వినాలి మీరు. అయితే ఇంజన్ ముందు ఉండదు, వెనకనుంచి తోస్తుంది. ముందు పెట్టెలో కూర్చున్నవాళ్ళకి కొండలు బాగా కనిపిస్తాయి గానీ ఇంజన్ వెనకెక్కడో ఉండిపోతుంది. పైగా నేను ఎక్కిన రోజు అది ఆయిల్ ఇంజన్, అంటే ఆవిరిదే గానీ బొగ్గుకి బదులు ఆయిల్ మండిస్తారు. బొగ్గుతో నడిచేదీ తిరుచ్చి గోల్డెన్ రాక్ వర్క్‌షాప్‌లో తయారుచేశారు, కానీ మీ రోజున ఏది తగిలిస్తారో టికెట్ మీద ఉండదు కదా. కూనూరు చేరడానికి మూడు గంటలకు పైనే పడుతుంది, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి ఆ ఇరుకు సీట్లలో అంతసేపు చాలా ఇబ్బంది.

డార్జిలింగ్‌లో బొగ్గు కళ్ళముందే కాలుతుంది. ఇంజన్ మీదే బొగ్గు గుట్ట, దాని మీద ఒకాయన కూర్చుని పెద్ద గడ్డల్ని సుత్తితో కొట్టి ముక్కలు చేస్తుంటాడు, ముందువైపు ఇద్దరు పట్టాల మీద చేత్తో ఇసుక చల్లుతుంటారు, చక్రం జారకుండా. ఆ ఇంజన్లు 1889 నుంచి 1925 వరకు చేసిన రకం. పట్టాల వెడల్పు రెండే అడుగులు, మన నౌపడ రైలు కన్నా సన్నం. బండి కొట్ల ముందునుంచి, ఇళ్ళ గుమ్మాల ముందునుంచి వెళ్తుంది, చెయ్యి చాపితే తగిలేలా. పట్టాలు గుండ్రంగా చుట్టు తిరిగే బతాసియా లూప్ దగ్గర కాసేపు ఆపుతారు, ఘుమ్‌లో అరగంట. ఘుమ్ 2,258 మీటర్ల ఎత్తు, దేశంలో అంతకంటే పైన రైల్వే స్టేషన్ లేదు. అందరూ మ్యూజియంలోకి వెళ్తే నాన్న ఇంజన్ పక్కనే నిలబడిపోయారు. ఫైర్‌మాన్ పొయ్యి తలుపు తెరిచి పారతో బొగ్గు వేస్తుంటే ఆ వేడి మా ముఖానికి తగిలింది, ఆ చలిలో. నాన్న ఏమీ మాట్లాడలేదు, చేతికర్ర నాకిచ్చి రెండు చేతులూ ఆ వేడికి చాపారు.

పెద్దవాళ్ళ కోసమైతే నాకు ఇదే తేల్చేసింది. ఇంజన్ దగ్గరగా నిలబడి వాసన చూడగలగాలి, నిప్పు కనబడాలి. ఏడు కిలోమీటర్లకి అంత డబ్బా అని నేనూ అనుకున్నాను, వచ్చాక అనుకోవడం లేదు.

అరకు అద్దాల బోగీ గురించి అడిగినవాళ్ళకి: సొరంగాలు బావుంటాయి, కొత్తవలసలోనే ఎక్కొచ్చు, కానీ అది కరెంటు బండి. సిమ్లాలో ఆవిరింజన్ కావాలంటే మొత్తం బండి మాట్లాడుకోవాలి, మన పని కాదు.

నెలలు చూసుకుని వెళ్ళండి. డార్జిలింగ్‌కి వానాకాలం వద్దు, చరియలు విరిగితే దారే మూసుకుంటుంది. అక్టోబరు ఆఖరు, నవంబరు అయితే కాంచనగంగ కూడా కనిపిస్తుంది. సరిగ్గా ఆ నెలల్లోనే ఊటీ వైపు ఈశాన్య రుతుపవనాల వానలకి మట్టి జారి రైళ్ళు రద్దవుతుంటాయి, అక్కడికి జనవరి తర్వాత చూసుకోండి. పిల్లల కోసం వచ్చే ఫిబ్రవరిలో మెట్టుపాళయం టికెట్లకి నేను మళ్ళీ ప్రయత్నిస్తున్నాను. నాన్నని అడిగితే ఆయిల్ బండికి నేను రాను, మీరు వెళ్ళిరండి అన్నారు.